బల్ల మీద ఆడిన తుపాకి, కొల్లేట్లో ఆగిన తుపాకి

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది పనిముట్ల గురించి. ఏ ఆకురాయి కొనాలి, ఏ స్క్రూడ్రైవరు మంచిది, గొట్టానికి నల్లరంగు ఎలా ఎక్కించాలి అని. అవి ఎవరైనా చెబుతారు. పందొమ్మిదివందల ముప్ఫైల్లో ఏలూరులో తుపాకులు బాగుచేసినన్నాళ్ళూ నాకు నిజంగా అక్కరకొచ్చినవి రెండు అలవాట్లు. తుపాకి ఎక్కడ ఆగుతోందో కళ్ళతో చూడడం ఒకటి. చూడనిదాన్ని చూసినట్టు చెప్పకుండా ఉండడం రెండోది. మొదటిది నాకు తొందరగానే అబ్బింది. రెండోది అబ్బేసరికి ఒక మనిషి బతుకుతెరువు పోయేంత పనయింది.

నేను ఈ పనికి పుట్టినవాణ్ణి కాను. పెదవేగి అవతల మా తాతగారికి పన్నెండు ఊళ్ళుండేవి. దాయాదుల వ్యాజ్యాలు నాన్నగారి హయాంలో తేలాయి. తేలేసరికి మాకు మిగిలినవి ఒక పెంకుటిల్లు, నాలుగు జోడుగొట్టాల తుపాకులు, ఊరివాళ్ళు అలవాటు కొద్దీ పిలిచే ‘బాబుగారు’ అన్న పిలుపు. తుపాకుల్లో మూడింటిని అమ్మడానికి ఏలూరులో ఒక తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళాను. ఒకదాని మీట బిగుసుకుపోయి ఉంటే, అలా అమ్మడం నచ్చక, అక్కడి బల్ల మీదే విప్పి సరిచేశాను. బల్ల వెనక కూర్చున్న ముసలాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూశారు.

“ఈ చేతులు కూడా అమ్మకానికేనా బాబుగారూ?” అన్నారు.

ఆయన మస్తాన్ సాయిబు గారు, ఆ దుకాణంలో మరమ్మతులన్నీ చేసే మనిషి. వారం తిరక్కుండా ఆయన పక్కన నేనూ కూర్చున్నాను. అందుకు నేనెన్నడూ సిగ్గుపడలేదు. చేత్తో పనిచేసుకుని తిన్నాను. ఎవరి వాకిట్లోనూ చేతులు కట్టుకుని నిలబడలేదు.

యజమాని చూసేది, సాయిబు గారు చూసేది

దుకాణం యజమానికి తుపాకి అంటే మెరుపు. చెక్క తళతళలాడాలి, గొట్టంలో మొహం కనబడాలి. కొనేవాళ్ళలో చాలామందిదీ అదే చూపు కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

సాయిబు గారు ఒకటే ప్రశ్న అడిగేవారు. “ఎక్కడ ఆగుతోంది?” తుపాకి తెచ్చినవాళ్ళు బోలెడు కథ చెబుతారు. ఎవరు ఇచ్చారు, ఎంత మోజుపడి కొన్నారు, ఎవరెవరు దాన్ని ముట్టుకున్నారు, అన్నీ. ఆయన అంతా విని, మళ్ళీ అదే అడిగేవారు.

ఆయన కట్టడి ఇంకొకటుంది. బల్ల దగ్గరికి మందున్న తూటా రాకూడదు. పరీక్షకు ఉత్తి తూటాలు ఉండేవి. కాల్చేసిన తూటాల్లో ఇసుక పోసి, బరువు సరిచూసి, మూతి మూసి ఆయనే తయారుచేసేవారు. పనిలో చేరిన మొదటి ఏడు నేను ఒక అసలు తూటాను పొరపాటున ఆ ఇసుక తూటాల డబ్బాలో పడేశాను. మర్నాడు పరీక్షలో అది పేలి పైకప్పులో రెండు పెంకులు లేచిపోయాయి. అదృష్టవశాత్తూ గొట్టం పైకి చూస్తోంది. సాయిబు గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పెంకులు మాత్రం మార్చనివ్వలేదు. ఆ వానాకాలమంతా నేను కూర్చునే చోట సరిగ్గా నా నెత్తి మీద కారేది. బల్ల జరుపుకుంటానంటే, “ఎందుకండీ, చల్లగా ఉంటుంది” అనేవారు. మీలో ఎవరైనా నా మాట వినేట్టయితే ముందు ఇది వినండి. మందున్న తూటా పనిబల్ల ఉన్న గదిలోకే రాకూడదు.

పంపు తుపాకి సంగతి

ఆ రోజుల్లో మా వైపు ఎక్కువగా జోడుగొట్టాల తుపాకులే. పంపు తుపాకులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అమెరికా నుంచి వచ్చేవి. కాల్చే గొట్టం కింద ఇంకో సన్నటి గొట్టం ఉంటుంది. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుంటాయి. వాటిని చివరినుంచి ఒక పొడుగాటి స్ప్రింగు వెనక్కి నెడుతూ ఉంటుంది. ముందు చేతిలో ఉన్న చెక్కపిడిని వెనక్కి లాగితే కాలిన తూటా బయటపడి, కింది గొట్టంలోంచి కొత్తది ఒక చిన్న పలక మీదికి ఉరుకుతుంది. పిడిని ముందుకు తోస్తే పలక దాన్ని పైకెత్తి గొట్టంలోకి అందిస్తుంది. చదవడానికి ఇంత పట్టింది కానీ చెయ్యడానికి రెప్పపాటు చాలు.

తూటా సరిగ్గా అందడం లేదని తుపాకి వస్తే, అది ఆగే చోట్లు మూడే. కింది గొట్టంలోంచి బయటికి రాకపోవచ్చు. వచ్చి పలక మీద అడ్డం పడవచ్చు. పలక ఎత్తినా పై గొట్టంలో కూర్చోకపోవచ్చు. ఈ మూడింటిలో ఏదో తేలకముందే స్క్రూడ్రైవరు పట్టుకునేవాణ్ణి నేను నమ్మను.

పై గొట్టంలో కూర్చోని తూటాలు మా ప్రాంతంలో మామూలు. అప్పటి తూటాలు అట్టతో చేసినవి, కింద ఇత్తడి టోపీ. చెమ్మ తగిలితే ఉబ్బుతాయి. ఏలూరు ప్లీడరు గారొకరు తన తుపాకి చెడిపోయిందని మూడుసార్లు పంపించారు. మూడోసారి సాయిబు గారు ఆయన ఇంటికే వెళ్ళి తూటాలు చూపించమన్నారు. నూతి పక్కన గోడ గూట్లో ఉన్నాయి. “చల్లగా ఉంటుందని పెట్టానండీ” అన్నారు ప్లీడరు గారు. సాయిబు గారి దగ్గర ఒక ఇత్తడి ఉంగరం ఉండేది, సరిగ్గా గొట్టం లోపలి కొలతకు తిప్పించినది. తూటా దాని బరువుకు అదే ఆ ఉంగరంలోంచి జారితే మంచిది, వేలితో నెట్టవలసి వస్తే పారెయ్యవలసిందే. ప్లీడరు గారి తూటాలు వేలితో నెట్టినా జారలేదు. మీరూ అలాంటి ఉంగరం ఒకటి చేయించుకోండి. సగం తుపాకులు విప్పనక్కర్లేకుండానే బాగవుతాయి.

కింది గొట్టం సొట్టపడినా తూటా రాదు. నల్లజర్ల నుంచి ఒక మోతుబరి రైతు అలాంటిది తెచ్చారు. తోటలో పందుల కోసం కొన్న తుపాకి. సొట్ట మీద వేలు పెట్టి చూపించి, “దీన్ని దేనికైనా ఊతగా వాడారాండీ?” అని అడిగాను.

“అబ్బే, లేదండీ.”

“బండి చక్రం కింద?”

ఆయన కాసేపు మీసం సవరించుకున్నారు. “ఒక్కసారేనండీ. అదీ చిన్న బండి.”

ఇలాంటివి చెబుతూ పోతే చాలా ఉన్నాయి. కానీ నేను చెప్పదలచుకున్నది నా లెక్క తప్పిన తుపాకి గురించి.

మిల్లువారి తుపాకి

తాడేపల్లిగూడెంలో ధాన్యం మిల్లున్న సుబ్బారాయుడు గారికి ఒక పంపు తుపాకి ఉండేది. చలికాలంలో కొల్లేటికి పరజలనే బాతులు దిగగానే ఆయన పెద్దమనుషుల్ని పిలిచి వేటకు తీసుకెళ్ళేవారు. తుపాకిని చూసుకునేదీ, కొల్లేటి లంకలో ఉండి దోనె నడిపేదీ ఏసోబు అనే అతను. మిషను చర్చి కుటుంబం. లంకవాళ్ళలో అతనికి ఒక మర్యాద ఉండేది, ఎందుకంటే సుబ్బారాయుడు గారి లైసెన్సులో తుపాకి మోసే మనిషిగా అతని పేరు రాసి ఉంది. ఆ కాగితం ఉన్నంతకాలం ఆ సరస్సు మీద వేటకొచ్చే ఏ పెద్దమనిషైనా అతన్నే అడిగేవాడు. పెళ్ళాం, ముగ్గురు పిల్లలు దాని మీదే బతుకుతున్నారు.

ఒక మార్గశిరమాసంలో ఆ తుపాకి శుభ్రం చెయ్యమని మా దగ్గరికి వచ్చింది. సాయిబు గారు పెద్దమ్మాయి పురిటికని బందరు వెళ్ళి ఉన్నారు. నేనే విప్పాను, తుడిచాను, నూనె రాసి బిగించాను. మరీ శ్రద్ధగా చేశాను కూడా. సుబ్బారాయుడు గారి నాన్నగారు మా దివాణంలో గుమాస్తా. నా చేతిపని ఆ ఇంటికి వెళ్ళేటప్పుడు వేలెత్తి చూపేట్టు ఉండకూడదని నా పట్టుదల.

మొదటి వేటలోనే తుపాకి ఆగిపోయింది. పరజలు నెత్తి మీద ఉండగా, అతిథి గారి చేతిలో. ఏసోబు దాన్ని మా దుకాణానికి తెచ్చాడు. ఇసుక తూటాలు నింపి ఇరవైసార్లు ఆడించాను. ఒక్కటి తప్పలేదు.

“బాగానే ఉందిగా?” అన్నాను.

“ఇక్కడ బాగానే ఉంటదండి. అక్కడ తెల్లారగట్ల రెండో తూటా రాదండి. పొద్దెక్కితే మళ్ళీ అదే ఆడుద్దండి బాబూ.”

“మొదట ఎవరు పట్టుకున్నా, ఆగాక సరిచెయ్యబోయింది నువ్వేనా?”

“ఆయ్, నేనేనండి. నా చేతిలోనూ ఆగిందండి.”

“తెల్లవారుజామున చలికి నీ చెయ్యి కొంకర్లు పోతుంది. పిడి పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఎండొచ్చాక చెయ్యి ఆడుతుంది, తుపాకీ ఆడుతుంది.”

ఇది వినడానికి ఎంత బాగుందో చూడండి. పంపు తుపాకి ఆగడానికి పిడిని సగంలో వదలడం పెద్ద కారణం, అది ఏ మరమ్మతుదారు అయినా ఒప్పుకుంటాడు. అతను చెప్పిన ప్రతి ముక్కా నా వివరణలో ఇమిడింది. అతను ఇంకేదో అనబోయి, “సిత్తమండి” అని ఊరుకున్నాడు. నేను జాగ్రత్తకోసం ఇంకొంచెం నూనె పోసి పంపాను.

రెండోసారీ ఆగింది. ఈసారి తుపాకితో పాటు సుబ్బారాయుడు గారి ఉత్తరం వచ్చింది. లోపం తుపాకిదో మనిషిదో మీరు ఒక్క మాట రాయండి, మీ మాటే నాకు ప్రమాణం అని. మళ్ళీ ఇరవైసార్లు ఆడించాను. తుపాకిలో లోపం లేదు, పట్టిన చేతిలో ఉంది అని రాసి, కింద ఇంటిపేరుతో పూర్తిగా సంతకం చేసి టపాలో వేశాను. ఆ సంతకం చేసేటప్పుడు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది.

కుర్చీలోంచి లేవడం

నాలుగు రోజుల తరవాత, తుపాకి తీసుకురమ్మని సుబ్బారాయుడు గారు పంపితే ఏసోబు వచ్చాడు. మధ్యాహ్నం. ముందురోజే బందరునుంచి తిరిగొచ్చిన సాయిబు గారు బల్ల దగ్గర ఉన్నారు. ఏసోబు గుమ్మం లోపలికి రాలేదు.

“సోమవారం అయ్యగారు కలెక్టరు కచేరీకి వస్తారంటండి. లైసెన్సులో నా పేరు కొట్టించడానికి” అన్నాడు. “శనివారం వేటే నాకు ఆఖరండి. కొట్టేసిన పేరుని ఇంకెవరు రాయించుకుంటారు బాబూ? తుపాకి పాడుచేసినోడంటారు.”

“నేను తుపాకి సంగతే రాశాను” అన్నాను.

“మరేనండి. దాని సంగతే రాశారు.” అతను తన కుడిచెయ్యి చాపాడు, అరచెయ్యి పైకి. “ఇది మీరు ఎప్పుడు సూశారండి?”

సాయిబు గారు తుపాకి అందుకున్నారు. ఆయనా ఆడించారు. ఆయన చేతిలోనూ బాగానే ఆడింది. బల్ల మీద పెట్టి నావైపు తిరిగారు.

“ఎక్కడ ఆగుతోంది?”

“కింది గొట్టంలోంచి రెండో తూటా...”

“అది కాదండీ. ఏ ఊళ్ళో ఆగుతోంది?”

“కొల్లేట్లో.”

“మరి మీరిక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు?”

కొల్లేటికి నేను ఎందుకు వెళ్ళడం లేదో ఆయనకు తెలుసు. మా తాతగారి రోజుల్లో ఆ సరస్సు మీద వేటకు పిలుపులు మా ఇంటినుంచి వెళ్ళేవి. ఇప్పుడు మా గుమాస్తా గారి అబ్బాయి వేటకు, పనిముట్ల సంచి చంకన పెట్టుకుని, మరమ్మతు మనిషిగా వెళ్ళి నిలబడడం నావల్ల కాదు. ఆ మాట పైకి అనకుండా, “దుకాణంలో పనుంది” అన్నాను.

సాయిబు గారు లేచి, నా సంచిలో ఇత్తడి ఉంగరం వేసి, ఏసోబు చేతికిచ్చారు. “తీసుకెళ్ళవయ్యా. బాబుగారు ముందు నడుస్తారు, నువ్వు వెనక మోసుకురా. అలా అయితే వెళ్తారు.”

ఏసోబు నవ్వాడు. ఆ నవ్వుకే నాకు చురుక్కుమంది. సంచి అతని చేతిలోంచి లాక్కుని నేనే మోసుకున్నాను. అలా మర్నాడు, శుక్రవారం పొద్దుటి బండికి బయలుదేరి, చీకటి పడకముందే లంక చేరాను.

దోనెలో

శనివారం తెల్లవారింది. పుష్యమాసం. వేటకొచ్చినవాళ్ళు గట్టు మీద గుడారంలో ఇంకా కాఫీలు తాగుతున్నారు. మేమిద్దరం ముందే దోనె ఎక్కాం. రెండు తాటిబోదెలు తొలిచి కలిపి కట్టిన దోనె. నీటి మీద మంచు తెర దిగి ఉంది, పదిగజాల అవతల కిక్కిస గడ్డి కనబడడం లేదు. ఏసోబు గడ వేస్తూ, “చేతులు కొంకర్లు పోతన్నాయాండి?” అని అడిగాడు. పోతున్నాయి కానీ చెప్పలేదు.

ముందు తూటాలు చూశాను. ప్రతిదీ ఉంగరంలోంచి దానంతటదే జారింది. చెమ్మ కాదు. అయితే అతని చెయ్యే. గడ ఆపి, తుపాకి పట్టమన్నాను.

“మీరే పట్టండి బాబూ. నా చేతిలో ఆగితే నా చెయ్యంటారు. మీ చేతిలో ఆగితే ఎవరి చెయ్యంటారో ఇందామని ఉందండి.”

నేనే నింపాను. ఖాళీ నీటివైపు గురిపెట్టి ఒకటి కాల్చి, పిడిని ఎంత వెనక్కి రావాలో అంత వెనక్కి, గట్టిగా, చివర తగిలేదాకా లాగాను. కాలిన తూటా ఎగిరి నీళ్ళలో పడింది. రెండోది సగం బయటికొచ్చి, పలకకు అడ్డంపడి ఆగిపోయింది. దాన్ని తీసి మళ్ళీ చేశాను. మళ్ళీ ఆగింది. మూడోసారీ ఆగింది. ఏసోబు గడ మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు.

తూటాలన్నీ తీసేసి, గొట్టం ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, కింది గొట్టం మూత విప్పి స్ప్రింగు బయటికి లాగాను. చుట్టు చుట్టుకూ మధ్య తెల్లగా, వెన్నపూసలా పేరుకుని ఉంది. వేలితో తీసి వాసన చూశాను.

మా ఇంట్లో తుపాకులకు మొదటినుంచీ కొబ్బరినూనే రాసేవారు. మూడుసార్లు పల్చటి గుడ్డలో వడకట్టి రాయడం మా తాతగారి పద్ధతి. దుకాణంలో తుపాకులకని తెప్పించిన సీమనూనె డబ్బా ఉండగా, మిల్లువారి తుపాకికి నేను ప్రత్యేకంగా ఇంటినుంచి తెచ్చిన ఆ నూనే వాడాను. జోడుగొట్టాల తుపాకికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. దానికి తూటాను నెట్టే స్ప్రింగు గొట్టమే లేదు. ఈ తుపాకిలో చలికి ఆ నూనె గడ్డకట్టి స్ప్రింగు కాళ్ళు కట్టేసింది. మధ్యాహ్నం ఏలూరులో కరిగి నూనెలా ఉండేది, నేను ఇరవైసార్లు ఆడించి మురిసిపోయేవాణ్ణి. పుష్యమాసంలో మా ఆడవాళ్ళు తలనూనె సీసాను ఎండలో పెట్టుకోవడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. పొద్దెక్కితే ఆడుతుందని ఈ మనిషి నా మొహం మీద చెప్పాడు.

వేలు అతని ముందు పెట్టాను. వాసన చూశాడు.

“తలకి రాసుకునేది కదండీ ఇది?”

“అవును.”

“అయితే తుపాక్కి తలంటారన్న మాట.”

నాకు నవ్వు రాలేదు. అతనికీ రాలేదని తరవాత అర్థమయింది. గడను బురదలోకి బలంగా గుచ్చాడు.

ఊహతో సరిపెట్టుకోదలచుకోలేదు. స్ప్రింగును తుడవకుండా అలాగే బిగించి, మంచు విడిపోయాక తుపాకిని దోనె అంచున ఎండలో పెట్టాను. బాగా వేడెక్కాక ఆడించాను. అయిదు తూటాలూ వరసగా వచ్చాయి. అప్పుడు మళ్ళీ విప్పి, కిరసనాయిలు గుడ్డతో పొడిగా తుడిచాను.

గట్టు మీద

దోనె గట్టుకు చేరేసరికి సుబ్బారాయుడు గారు ఇద్దరు అతిథులతో మడత కుర్చీల్లో కూర్చున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అతిథుల్నీ లేపారు. తన కుర్చీ నాకు చూపించారు. నేను కూర్చోలేదు.

“తుపాకి ఆగడానికి కారణం నేను రాసిన కొబ్బరినూనె. చలికి గడ్డకట్టింది. ఏసోబు తప్పేమీ లేదు. మీకు నేను రాసిన ఉత్తరం తప్పు” అన్నాను.

ఆయన అతిథుల వైపు ఒకసారి చూసి, నన్ను మెల్లగా పక్కకు నడిపించారు.

“బాబుగారండీ, నలుగురిలో ఆ మాట మీరనకూడదండి. మీరు దివాణం బిడ్డలు. తూటాలు చెమ్మగిల్లాయనేసుకుందాం. ఏసోబంటారా, వాడికేం లోటండీ, మిల్లులో బస్తాలెత్తే పనిలో వేస్తాను. సోమవారం నేనెళ్ళి పేరు కొట్టించకపోతే, ఎందుకు మానేశారని అందరూ అడుగుతారు. మా నాన్న మీ ఇంటి అన్నం తిన్నాడండి. మీ పరువు పోతే నాది పోయినట్టు కాదాండీ?”

ఆయన కల్లాకపటం లేకుండానే అన్నారు. అందుకే ఆ మాట నాకు తియ్యగా వినబడింది. ఇన్నేళ్ళ తరవాత మా ఇంటి పేరును ఒకరు అంత బరువుగా పలకడం విని, ఒప్పేసుకుంటానేమోనని ఒక్క క్షణం నాకే భయం వేసింది. పదడుగుల అవతల ఏసోబు దోనెలోంచి నీళ్ళు తోడుతున్నాడు, మావైపు చూడకుండా.

“మా ఇంటి పరువు మొయ్యడానికి నేను బతికే ఉన్నానండి. అతనెందుకు?” అన్నాను. “ఆ ఉత్తరం ఇలా ఇప్పించండి.”

ఆయన జేబులోనే ఉంది, సోమవారం కచేరీలో చూపించడానికి. కాగితం వెనకవైపు పెన్సిలుతో రాశాను. అటువైపు రాసింది తప్పు, లోపం నా నూనెలో ఉంది, ఏసోబు చేతిలో నాకు ఏ లోపమూ కనబడలేదు అని. మళ్ళీ అదే సంతకం. ఏసోబును పిలిచి, అందరూ వినేలా పైకి చదివాను. అతిథుల్లో ఒకాయన, “కొబ్బరినూనా!” అని పకపకా నవ్వారు. చెవులు కాలిపోయాయి. అయినా చివరిదాకా చదివాను.

ఏసోబు పేరు లైసెన్సులో అలాగే ఉండిపోయింది. సుబ్బారాయుడు గారు మాత్రం ఆ తుపాకిని మళ్ళీ మా దుకాణానికి పంపలేదు. మరమ్మతుకు బెజవాడ పంపేవారట. నేను తప్పు చేసినందుకని అనుకోను. తను చూపించిన దారి నేను తొక్కనందుకు. పెద్దమనుషులు తప్పును ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు, మంచికోసం ఇచ్చిన సలహా కాదంటే మాత్రం మరిచిపోరు. ఈ పనిలో మీకూ అలాంటివాళ్ళు తగులుతారు. తుపాకి పోతే పోనివ్వండి.

కొల్లేటి తుపాకులు మా దుకాణానికి రావడం ఆగలేదు, ఎక్కువయ్యాయి. లంకలకు వేటకొచ్చే వాళ్ళెవరి తుపాకి మొరాయించినా ఏసోబే తెచ్చేవాడు. మరుసటేడు మొదటిసారి వచ్చినప్పుడు, నేను బాగుచేసి బల్ల మీద పెట్టిన తుపాకిని అతను వెంటనే తీసుకోలేదు. యజమానీ, ఇంకో ఇద్దరు కొనుగోలుదార్లూ చూస్తుండగా, గుమ్మం దాటి లోపలికొచ్చి, కింది గొట్టం మూత తనే విప్పి, వేలు లోపల తిప్పి వాసన చూశాడు. ఇంకెవరు అలా చేసినా తుపాకితో సహా బయటికి పంపేవాణ్ణి.

“పర్లేదండి బాబూ” అన్నాడు. “కట్టియ్యండి.”

ఆ తరవాతనుంచి అతను వచ్చాడంటే మూత నేనే విప్పి తుపాకిని అతని ముందు పెట్టేవాణ్ణి. అతను వాసన చూసి తలూపాకే, మరమ్మతు అయిందన్న కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి.